పెద్దల చూపు తగ్గితే: కరోనా కాలం చూపించిన సంగతులు

ఇంట్లో దాదీకో నానాకో చూపు తగ్గిందంటే మనకు ముందు గుర్తొచ్చేది శుక్లం. శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు చాలావరకు తిరిగొస్తుంది. కానీ 50 ఏళ్లు దాటినవారికి వచ్చే ఇంకో జబ్బు ఉంది. దాని పేరు ఏజ్ రిలేటెడ్ మాక్యులర్ డీజెనరేషన్, పొట్టిగా ఏఎండీ. కంటి వెనక ఉండే రెటీనా పొరలో నడిమి భాగం (మాక్యులా) ఇందులో దెబ్బతింటుంది. ఖుర్ఆన్ చదవాలన్నా, ఎదుటి మనిషి ముఖం పోల్చుకోవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా కావలసిన చూపు అక్కడిదే. పక్కచూపు మిగిలే ఉంటుంది కాబట్టి ఇంట్లో నడవగలరు. దాంతో 'బాగానే తిరుగుతున్నారు కదా' అని మనం పట్టించుకోం.

రెండు రకాలు

పొడి రకం ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. తడి రకంలో రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారతాయి. వారాల్లోనే చూపు పడిపోవచ్చు. దీనికి బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్ లాంటి మందులను నేరుగా కంటిలోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. మొదట నెలకొకటి, తర్వాత డాక్టర్ చెప్పిన గడువుకు తీసుకోవాలి. గడువు తప్పి పోయిన చూపు మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు.

లాక్‌డౌన్‌లో ఏమైంది?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. బస్సులు, రైళ్లు ఆగిపోయాయి. ఊళ్ల నుంచి పట్నం ఆస్పత్రికి వచ్చే దారి లేదు. వచ్చినా కరోనా అంటుకుంటుందని భయం. కంట్లో రక్తనాళాలు కారడం మాత్రం ఆగలేదు. అందుకే ఇలాంటి ఇంజెక్షన్లను వాయిదా వేయకూడని చికిత్సగానే డాక్టర్లు చూశారు.

నష్టం చూపుతో ఆగలేదు. నడిమి చూపు పోయినవారు పక్కచూపుతో, కిందిచూపుతో నెట్టుకొస్తారు. మాస్కు పై అంచు ఆ కిందిచూపునే అడ్డుకుంది, కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. మెట్టు కనబడదు. ముఖం పోల్చలేనివారు గొంతును బట్టి మనిషిని గుర్తుపడతారు, మాస్కు వెనక ఆ గొంతూ మారిపోయింది. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవారు దూరం జరిగారు. ఆ ఏడాది రంజాన్ మొత్తం లాక్‌డౌన్‌లోనే గడిచింది. అక్షరాలు కనబడని పెద్దాయన తరావీహ్‌లో ఇమామ్ వెనక నిలబడి ఖుర్ఆన్ వినేవాడు, అదీ లేకుండా పోయింది. ఆక్సీమీటర్ అంకెలు, ఫోన్‌లో ఓటీపీ, టీకా రిజిస్ట్రేషన్, అన్నిటికీ ఇంకొకరి మీద ఆధారపడాల్సి వచ్చింది. జీవన నాణ్యత తగ్గడమంటే ఇదే.

లేనివి కనిపిస్తే

చూపు బాగా తగ్గినవారిలో కొందరికి లేని మనుషులు, పిల్లలు, పూలు, గళ్లు కనిపిస్తాయి. వాటికి శబ్దం ఉండదు. అవి నిజం కాదని సాధారణంగా వాళ్లకే తెలుస్తుంది. దీన్ని చార్లెస్ బానెట్ సిండ్రోమ్ అంటారు. 1760లో స్విస్ శాస్త్రవేత్త చార్లెస్ బానెట్ తన తాతగారికి ఇలా కనబడటం గురించి రాశాడు. కంటి నుంచి కబురు తగ్గినప్పుడు మెదడు సొంతంగా బొమ్మలు కల్పిస్తుంది. ఒంటరితనంలో ఇవి ఎక్కువవుతాయి. లాక్‌డౌన్‌లో తమకు పెరిగాయని బ్రిటన్‌లో చాలామంది రోగులు చెప్పారు. మన ఇళ్లలో 'జిన్ పట్టింది', 'పిచ్చి పట్టింది' అంటారేమోనని పెద్దలు ఈ సంగతి దాచేస్తారు. భయపెట్టకుండా మనమే అడగాలి, కంటి డాక్టర్‌కు చెప్పాలి. మాటలు, శబ్దాలు కూడా వినిపిస్తుంటే, లేదా మనిషి తికమకపడుతుంటే కారణం వేరే కావచ్చు. ఆలస్యం చేయకుండా చూపించాలి.

ఇంట్లో చేయగలిగినవి

• వారానికోసారి ఒక్కో కన్ను మూయించి, చదివే కళ్లద్దాలతో గళ్ల కాగితం మధ్యలో పెట్టిన చుక్కను చూడమనండి. గీతలు వంకరపోయినా, మధ్యలో మచ్చ కనబడినా వెంటనే రెటీనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

• ఇంజెక్షన్ తేదీలు క్యాలెండర్‌లో పెద్ద అక్షరాలతో రాయండి. రాకపోకలు ఆగిపోతే ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి, మీకు మీరే వాయిదా వేసుకోవద్దు.

• ఇంజెక్షన్ అయ్యాక కంట్లోకి నీళ్లు ఎన్నాళ్లు పోకూడదో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి. అన్ని రోజులూ వుజూ ఎలా చేయాలో మీ ఇమామ్ సాబ్‌ను అడగండి.

• సిగరెట్, బీడీ మానిపించండి. పొగ ఈ జబ్బును పెంచుతుంది. సుర్మా దీనికి మందు కాదు, కొన్ని సుర్మాల్లో సీసం కూడా ఉంటుంది.

• చదివే చోట మంచి వెలుతురు, పెద్ద అక్షరాల ముస్‌హఫ్, భూతద్దం, ఫోన్‌లో తిలావత్ ఆడియో ఏర్పాటు చేయండి.

• గదిలోకి వెళ్లగానే మీ పేరు చెప్పండి. సామాను జరిపితే ఆ మాట కూడా చెప్పండి.

• రోజుకోసారి పక్కన కూర్చుని మాట్లాడండి. దూరాన ఉంటే ఫోన్ చేయండి.