భీంబెట్కా గోడ మీద తేనెతుట్టె

భీంబెట్కా వెళ్లినవాళ్లు బొమ్మల కోసమే తలెత్తుతారు. భోపాల్‌కు దక్షిణాన, వింధ్య కొండల అంచున, రాతిగోడల మీద ఎర్ర రంగుతోనూ తెల్ల రంగుతోనూ ఆదిమానవులు గీసిన దున్నలు, ఏనుగులు, వేటగాళ్లు అక్కడ బారులు తీరి ఉంటాయి. 2020 మార్చిలో అక్కడికి వెళ్లిన కొందరు భూగర్భ శాస్త్రవేత్తల కళ్లు మాత్రం బొమ్మ కానిదాని మీద పడ్డాయి. ఆడిటోరియం అని పిలిచే పెద్ద గుహలో, నేలకు సుమారు 11 అడుగుల ఎత్తున, మూరెడు పొడవున ఒక ముద్ర. అరటాకు నడిమి ఈనె నుంచి రెండు పక్కలకూ గీతలు సాగినట్టు ఉంది.

చూసినవాళ్లలో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ రెటలాక్ ఒకరు. ఢిల్లీలో జరగాల్సిన అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర మహాసభ కోసం ఆయన ఇండియా వచ్చారు. కరోనాతో మహాసభ ఆగింది కానీ ఈ సందర్శన ఆగలేదు. ఆ గీతలు ఆయనకు బాగా తెలిసిన రూపాన్ని గుర్తుకు తెచ్చాయి. అది డికిన్సోనియా.

నోరు లేని జీవి

1946లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియాకరా కొండల్లో రెగ్ స్ప్రిగ్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు ఇసుకరాతిలో వింత ముద్రలు దొరికాయి. వాటిలో ఒకదానికి తన పైఅధికారి డికిన్సన్ పేరు పెట్టాడు. చాపలా పలచగా పరుచుకుని, సముద్రం అడుగున సుమారు 55 కోట్ల ఏళ్ల కిందట బతికిన జీవి అది. నోరు లేదు, కాళ్లు లేవు. జంతువా, శిలీంధ్రమా అని దశాబ్దాలు వాదించుకున్నారు. రెటలాక్ అయితే అది రాతిపువ్వు లాంటిదని వాదించారు. 2018లో రష్యా తెల్ల సముద్రం ఒడ్డున దొరికిన నమూనాల్లో కొలెస్ట్రాల్ ఆనవాళ్లు బయటపడ్డాక మొగ్గు జంతువు వైపు తిరిగింది.

అలాంటిది ఇండియాలో దొరకడమంటే చిన్న మాట కాదు. వింధ్య రాళ్ల వయసు మీద చాలాకాలంగా తగువు ఉంది. పైపొరలు 55 కోట్ల ఏళ్లవని కొందరు, 100 కోట్ల ఏళ్లకు తగ్గవని మరికొందరు. గోడ మీద డికిన్సోనియా ఉంటే మొదటివాళ్లదే గెలుపు. 2021లో 'గోండ్వానా రీసెర్చ్' పత్రికలో ఈ సంగతి అచ్చయింది. పత్రికలు ఆ వార్తను ఎత్తుకున్నాయి.

తుట్టె కదిలింది

ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ మీర్ట్ వింధ్య రాళ్ల వయసు మీద ఏళ్లుగా పనిచేస్తున్నవారు. ఆయన బృందం ఆ గుహకు వెళ్లి చూసింది. 2020 నాటి ఫొటోల్లో నిండుగా ఉన్న ముద్ర అప్పటికే చెదిరి, పెచ్చులుగా ఊడిపోతోంది. యాభై కోట్ల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న శిలాజం రెండు మూడేళ్లలో ఊడిపోతుందా? పైగా శిలాజం రాతిపొరతో పాటు పరుచుకుని ఉండాలి. ఇదేమో గోడకు అతుక్కుని ఉంది. పక్కనే, అదే కొండకు, తేనెటీగలు కట్టిన తుట్టెలు వేలాడుతున్నాయి.

మన అడవుల్లో కొండచరియలకు పెద్ద పెద్ద పట్లు కట్టే ఈగల పనే ఇది. అవి వదిలిపోయిన తుట్టె రాలాక గోడ మీద మిగిలిన మైనం మరక డికిన్సోనియా అయి కూర్చుంది. 2023లో మీర్ట్ బృందం ఈ మాటను అదే పత్రికలో రాసింది. లక్నోలోని బీర్బల్ సాహ్ని పురాశాస్త్ర సంస్థ పరిశోధకులు కూడా ఆ ఏడే అది శిలాజం కాదని తేల్చారు. రెటలాక్ తన పొరపాటును ఒప్పుకున్నారు.

ఆయన్ను చూసి నవ్వడం తేలిక. కానీ భీంబెట్కా రక్షిత కట్టడం, 2003 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడ సుత్తి ఎత్తి ముక్క తీయడానికి వీల్లేదు. చేతికందని ఎత్తులో ఉన్నదాన్ని కంటితో పోల్చుకోవాల్సిందే. ఏళ్ల తరబడి ఒకే రూపాన్ని వెతికిన కంటికి గోడ మీద ఆ రూపమే కనిపించింది.

చిత్రకూటంలో తిరగబడ్డ కథ

ఇదే వింధ్యలో అంతకుముందు దీనికి సరిగ్గా ఎదురు కథ నడిచింది. డెహ్రాడూన్ వాడియా సంస్థకు చెందిన ఆర్.జె. అజ్మీ వింధ్య రాళ్లలో సూక్ష్మ శిలాజాలు ఉన్నాయని 1998లో రాశారు. ఆ లెక్కన ఆ రాళ్ల వయసు 54 కోట్ల ఏళ్ల దగ్గర ఉండాలి. చాలామంది నమ్మలేదు. అసలవి శిలాజాలే కావన్నవారూ ఉన్నారు. పదేళ్లు దాటాక స్వీడన్ శాస్త్రవేత్త స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం చిత్రకూటం నమూనాలను ఎక్స్‌రే సూక్ష్మదర్శినితో పొరపొరగా పరిశీలించింది, రాతి వయసును విడిగా కట్టింది. 2009లో తేలినదేమంటే శిలాజాలు నిజమైనవే, రాళ్లు మాత్రం 160 కోట్ల ఏళ్ల నాటివి! అజ్మీ చూపిన వస్తువు అసలుదే, దానికి కట్టిన వయసే వంద కోట్ల ఏళ్లు తప్పింది.

వింధ్య రాళ్లనూ మన కడప, కర్నూలు రాళ్లనూ భూగర్భ శాస్త్రవేత్తలు ఒకే కుటుంబంగా లెక్కగట్టి 'పురాణ' శిలలన్నారు. మన ఇళ్లలో పరిచే బేతంచెర్ల బండ కూడా ఆ కుటుంబానిదే. శిలాజాలు అరుదుగా దొరికే ఈ రాళ్లలో ఏ చిన్న గీత కనిపించినా ఆశ పుడుతుంది. భీంబెట్కాలో ఆ ఆశను తుంచింది, చిత్రకూటంలో నిలబెట్టింది ఒకే పని. ఎవరో ఒకరు ఆ రాయి దగ్గరికి మళ్లీ వెళ్లారు.

భీంబెట్కా బొమ్మలు బయటపడిందీ అలాగే. 1957లో వి.ఎస్. వాకణ్కర్ రైల్లో పోతూ కిటికీలోంచి ఆ కొండరాళ్లను చూశారు. ఐరోపాలో బొమ్మల గుహలున్న కొండల్లా అనిపించాయి. అనిపించిందని రాసేసి ఊరుకోలేదు. తిరిగొచ్చి కొండెక్కారు.