ఇంటిపేరులో దాగిన ఊరు

బాపట్ల జిల్లా కారంచేడు మండలంలో దగ్గుబాడు అనే ఊరుంది. ఫిల్మ్‌నగర్ కొండల్లో స్టూడియో కట్టిన దగ్గుబాటి రామానాయుడు 1936లో పుట్టింది ఆ మండలంలోనే, కారంచేడులో. నాడు 'నాటి' అయినట్టు, ఏరు 'ఏటి' అయినట్టు, దగ్గుబాడు 'దగ్గుబాటి' అయింది. బడిలో ఔపవిభక్తికాలని బట్టీపట్టి మరిచిపోయామే, వాటిలో ఒకటి ఈ 'టి'. 'ఫలానా ఊరివాళ్లు' అనే మాటంతా ఆ ఒక్క అక్షరంలో ఇమిడిపోయింది. 'ఊరు' చివర ఉన్న పేర్లయితే 'ఊరి' అవుతాయి. నందమూరు నుంచి నందమూరి, కోడూరు నుంచి కోడూరి అలా వచ్చినవే. రాజమౌళి, కీరవాణి పేర్లలో వినిపించదు గానీ, వాళ్ల ఇంటిపేరు కోడూరి. కొణిదెలకు ఏ మార్పూ అక్కర్లేకపోయింది. నందికొట్కూరు దగ్గర అదే పేరుతో ఊరు ఇప్పటికీ ఉంది.

ఇది కొత్త అలవాటేమీ కాదు. 15వ శతాబ్దపు బమ్మెర పోతన ఇంటిపేరూ ఊరి పేరే. ఆ బమ్మెర నేటి జనగామ జిల్లాలో ఉంది.

సొంత ఊళ్లో ఉన్నవాడికి ఆ ఊరి పేరు ఇంటిపేరుగా పనికిరాదు, ఎందుకంటే అక్కడ అందరిదీ అదే ఊరు. కరువొచ్చో, కొలువు దొరికో, ఇల్లరికం వెళ్లో పొరుగూరు చేరాకే 'దగ్గుబాటివాళ్లు' అన్న పిలుపు పుడుతుంది. అందుకే ఊరిపేరున్న ఇంటిపేరు చాలావరకు ఒక వలసకు గుర్తు. ఒకే ఊరి నుంచి పలు కులాలవాళ్లు కదిలారు కాబట్టి, ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లోనూ కనిపిస్తుంది.

అక్కినేని, ఘట్టమనేని దారి వేరు. నాయకుడు నాయడై, నేడై, చివరికి 'నేని'గా నిలిచింది. ఫలానా నాయుడి వంశంవాళ్లని దాని అర్థం. స్పెయిన్‌లోనూ ఇలాంటిదే ఉంది. రోడ్రిగో కొడుకు రోడ్రిగెజ్, గొంజాలో కొడుకు గొంజాలెజ్. అక్కడ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే గార్సియా మాత్రం బాస్క్ భాష నుంచి వచ్చి ఉంటుందని పండితుల ఊహ. ఒక్క విషయంలో స్పెయిన్‌వాళ్లు మనకన్నా మేలు: తండ్రి ఇంటిపేరుతో పాటు తల్లిదీ పిల్లలకు దక్కుతుంది. మన దగ్గర అమ్మ పుట్టింటిపేరు పెళ్లితోనే కనుమరుగవుతోంది. ఇది నాకు బాధ కలిగించే సంగతి.

తెర మీద కనిపించకుండా పోయిన ఇంటిపేర్లూ ఉన్నాయి. 1950లో 'సంసారం' సినిమాకు దర్శకుడు ఎల్వీ ప్రసాద్, అందులో ఎన్టీఆర్‌తో పాటు నటించింది అక్కినేని నాగేశ్వరరావు. ఎల్వీ ప్రసాద్ అసలు పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు అని ఇవాళ ఎందరికి తెలుసు? ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన ఆయనకు 1982కు గాను ఫాల్కే పురస్కారం దక్కింది. కృష్ణా జిల్లా రామాపురం నుంచి వచ్చిన నాగేశ్వరరావుకు 1990కి గాను అందింది. ఆ గౌరవం పొందిన అక్కినేనివారు ఇద్దరన్నమాట.

ఆ తరంవాళ్లు ఇంటిపేరును బోర్డు మీదికి ఎక్కించలేదు. నాగేశ్వరరావు తన స్టూడియోకు భార్య అన్నపూర్ణ పేరు పెట్టుకున్నారు, ఘట్టమనేని కృష్ణ తన స్టూడియోను పద్మాలయ అన్నారు. ఇంటిపేరే సంస్థ పేరుగా మారడం తర్వాతి తరం పని. 2017లో 'ఖైదీ నంబర్ 150' తీసిన కొణిదెల ప్రొడక్షన్ కంపెనీ అందుకు ఉదాహరణ.

ఈ కుటుంబాలు పల్లె నుంచి మద్రాసుకు, మద్రాసు నుంచి జూబ్లీహిల్స్‌కు వచ్చాయి. అయినా ఎవరి ఇంటిపేరూ 'మద్రాసు' కాలేదు, ఎప్పుడో విడిచిన ఊరి దగ్గరే ఆగిపోయింది. మీ ఇంటిపేరూ ఏదో ఒక ఊరిదే అయి ఉండొచ్చు. నాన్నమ్మో తాతయ్యో ఉండగానే అడిగి తెలుసుకోండి. అమ్మమ్మ పుట్టింటిపేరు కూడా అడిగి, రెండూ ఒకే కాగితం మీద రాసిపెట్టండి.