నేల మాట విన్న కాళ్లు

ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి విడిపోయి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడింది 2016 అక్టోబర్ 11న. పదేళ్ల పండుగ దగ్గర పడుతోంది. ఇలాంటప్పుడు సంస్థానాల గురించీ, కోటల గురించీ, గద్వాల చీర గురించీ రాయడం ఆనవాయితీ. వాటి మీద మంచి వ్యాసాలు చాలానే వచ్చాయి. ఈ మూడు జిల్లాలనూ కలిపే ఇంకో చరిత్ర మాత్రం ఎవరూ పట్టించుకోకుండా మిగిలిపోయింది. అది కాళ్ల చరిత్ర. ఉత్తకాళ్లతో పరుగెత్తడం మేలా, పలచని అట్ట ఉన్న బూట్లు మేలా, దేనివల్ల పరుగు తీరు చెడకుండా ఉంటుంది అని పరుగు ప్రియులు ప్రపంచమంతటా వాదించుకుంటున్నారు. ఆ వాదన మొదలుకావడానికి చాలా ముందే పాలమూరు మట్టి మీద దానికి జవాబు నడిచింది, పరుగెత్తింది.

పరుగెత్తే కాలు ఇక్కడ మొదట రాతిలో కనిపిస్తుంది. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల మీద గాలిలో తేలే గంధర్వులను చూడండి. రెక్కలు లేవు. మోకాళ్లు మడిచి, మడమలు వెనక్కి లేపి ఉంటారు. ఎగరడమంటే ఏమిటో చెప్పడానికి ఆ శిల్పికి మోకాలి వంపు చాలింది. ఆ తర్వాత వెయ్యేళ్లలో ఎందరో రాజులు మారారు. కాల్బలాలు నడిచాయి, ఉత్తరాలు పట్టుకుని హర్కారాలు ఉరికారు, కూలీలు చెరువులు తవ్వారు. శాసనాలకు ఎక్కింది దానమిచ్చినవాళ్ల పేర్లే. నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి చెంచుల గురించి వివరంగా రాసిన తొలి పుస్తకం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ది. అది కూడా 1943లో గానీ రాలేదు.

చెప్పుల చరిత్ర మాత్రం జాతర రూపంలో బతికుంది. దీపావళి వెళ్లాక కార్తికంలో కురుమూర్తి జాతర మొదలవుతుంది. గుడి చిన్నచింతకుంట మండలం అమ్మాపురం దగ్గరి కొండల్లో ఉంది. జిల్లాల విభజనలో అది మహబూబ్‌నగర్‌లోనే ఉండిపోయినా, స్వామి ఆభరణాలు వనపర్తి జిల్లా ఆత్మకూరు నుంచి ఊరేగింపుగా వస్తాయి. జాతరకు గుండెకాయ ఉద్దాల ఉత్సవం. చిన్నవడ్డెమాన్‌లో మాదిగలు నియమనిష్ఠలతో తోలు చెప్పులు కుడతారు. అవే స్వామి ఉద్దాలు. అవి ఊరేగి వస్తుంటే జనం తలమీద పెట్టించుకోవడానికి తోసుకుంటారు. తిరుమల వదిలి కృష్ణ ఒడ్డున నడిచి వస్తున్న స్వామి లేత పాదాలు కందిపోకూడదని కృష్ణమ్మే పాదుకలు ఇచ్చిందని కథ. నాకు ఈ కథలో నచ్చేది ఒకటుంది. ఇక్కడి నేల దేవుడి పాదాన్ని కూడా మినహాయించలేదు. మొరం, పలుగురాళ్లు, పల్లేరు కాయలు, ఎండాకాలం కాలే బండ ఎవరి పాదమైనా ఒకేలా చూస్తాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1830 నాటిది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య ఆ ఏడాది మే 18న పరివారంతో కాశీకి బయల్దేరాడు. 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరాడు. ఆ దినచర్య 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చయింది. శ్రీశైలం చూసుకుని కృష్ణ దాటి ఆయన నైజాం రాజ్యంలో అడుగుపెట్టింది మన సీమలోనే. పెంట్లవెల్లి, పానగల్లు, వనపర్తి మీదుగా జడ్చర్ల దారి పట్టి హైదరాబాద్ చేరాడు. పెంట్లవెల్లి ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది, పానగల్లు, వనపర్తి రెండూ వనపర్తి జిల్లాలో.

ఆ పుస్తకం చదువుతుంటే ఒక విషయం పట్టి నిలబెడుతుంది. ఊరు ఎంత పెద్దది, నీళ్లు ఉన్నాయా, సరుకులు దొరుకుతాయా అన్న వివరాలతో పాటు దారి మట్టి ఎలాంటిదో కూడా ఆయన రాసుకుంటూ పోతాడు. రేగడా, ఇసుకా, రాళ్లా, అడవా అని చూస్తాడు. సవారీలో కూర్చున్న మనిషికి మట్టితో ఏం పని? ఆ మట్టి మీద నడిచేది పల్లకి మోసే బోయీలు. మజిలీ ఎన్ని గంటలకు చేరతామన్నది వాళ్ల అరికాళ్లు తేల్చాలి. ఆయన రాసిన ప్రతి మట్టి వెనకా బోయీల పాదాలు కనిపిస్తాయి నాకు.

పల్లకి దండె భుజాన ఉన్న మనిషి నడక ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ఎగిరెగిరి పరుగెత్తలేడు. ఎగిరితే దిగేటప్పుడు పైబరువంతా భుజం మీదా మోకాలి మీదా పడుతుంది. బారెడు అంగ వేయలేడు. వేస్తే మడమ ముందుకుపోయి నేలను గుద్దుతుంది, దండె కుదుపుకు లోనవుతుంది, వెనకవాడి అడుగు తప్పుతుంది. అందుకని అడుగు చిన్నది, వేగమైనది. మోకాలు ఎప్పుడూ కొంచెం వంగే ఉంటుంది. పాదం నడుముకు సూటిగా కిందనే పడుతుంది. మొండెం నిటారుగా, తల కదలకుండా ఉంటుంది. కొందరు మోస్తుంటే కొందరు పక్కన ఉత్తచేతులతో నడుస్తూ, ఆగకుండానే భుజం మార్చుకునేవాళ్లు. ‘ఓహోం ఓహోం’ అనే కూత ఊపిరినీ అడుగునూ ఒక లయకు కట్టేది. ముందున్నవాడు రాయి, గుంత, నీళ్లు, ముల్లు ఏది కనపడితే అది కేకేసి చెప్పేవాడు. వెనకవాడికి ఎదుట నేల కనపడదు. ముందువాడి కేక, తన అరికాలు, ఈ రెండే ఆధారం.

ఆ బతుకు గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. తెలంగాణలో పల్లకి మోత చాలాచోట్ల వెట్టిచాకిరీలో భాగం. కూలి లేదు, కాదనే హక్కు లేదు. కానీ ఆ శరీరాల్లో ఉన్న విద్యను విద్య అని ఒప్పుకోకపోతే వాళ్లకు రెండోసారి అన్యాయం చేసినట్టే. ఇవాళ కోచ్‌లు డబ్బు తీసుకుని నేర్పే పాఠం సరిగ్గా ఇదే కదా! అడుగు కుదించు, పాదాన్ని నడుము కింద వేయి, మోకాలు బిగించకు, చప్పుడు తగ్గించు, లయ తప్పకు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే కోచ్ పరుగువీరుల అడుగులు లెక్కపెడితే దాదాపు అందరివీ నిమిషానికి 180కి పైగానే తేలాయి. బోయీల అడుగులు లెక్కపెట్టినవాళ్లు లేరు. వాళ్ల లెక్క కూతలో ఉంది.

ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి పల్లకీలు పోయాయి, కరువు మిగిలింది. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. వాళ్ల కాళ్లకు దొరికింది టైరు చెప్పు. పాత టైరు ముక్కను పాదం కొలతకు కత్తితో కోసి, ట్యూబు పట్టీలు వేసి, అంచుల్లో మొలలు కొట్టేవాళ్లు. తుమ్మముల్లు దిగదు, వానకు నానదు. అడుగున టైరు గీతలు అలాగే ఉంటాయి కాబట్టి బురదలో నడిస్తే చిన్న బండి పోయిన జాడ పడుతుంది. దానిలో మెత్త లేదు, ఎత్తు మడమ లేదు, పాదాన్ని నొక్కిపట్టే ముందుభాగమూ లేదు. మెక్సికో కొండల్లోని తారాహుమారా జనం కూడా పాత టైర్లతో చేసిన చెప్పులే వేసుకుని కొండదారుల్లో వందల మైళ్లు పరుగెత్తుతారు. క్రిస్టఫర్ మెక్‌డూగల్ 2009లో వాళ్ల గురించి రాసిన ‘బోర్న్ టు రన్’ పలచని బూట్లకు ప్రపంచమంతా గిరాకీ తెచ్చింది. పాలమూరు టైరు చెప్పు గురించి అలాంటి పుస్తకం రాలేదు. రావాల్సింది.

అంతకు చాలా ముందే, 1960 సెప్టెంబర్ 10 సాయంత్రం, ఇథియోపియా సైనికుడు అబేబే బికిలా రోమ్ రాళ్ల వీధుల్లో ఉత్తకాళ్లతో ఒలింపిక్ మారథాన్ గెలిచాడు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, ప్రపంచ రికార్డు. నాలుగేళ్లకు టోక్యోలో బూట్లు వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ గెలిచాడు. బూటు పక్షం వాళ్లు టోక్యోను, ఉత్తకాళ్ల పక్షం వాళ్లు రోమ్‌ను ఎత్తి చూపుతారు. నా మటుకు నాకు రెండుచోట్లా గెలిచింది ఒకే కాలు. చెప్పులు లేకుండా నేర్చిన తీరును అతను బూట్లలోకి తీసుకెళ్లాడు.

ఇక్కడి నుంచి కథ చిక్కుపడుతుంది. 2010లో డేనియల్ లీబర్మన్ పరిశోధక బృందం ‘నేచర్’ పత్రికలో ఒక మాట చెప్పింది. చిన్నప్పటి నుంచి ఉత్తకాళ్లతో పరుగెత్తేవాళ్లు ఎక్కువగా పాదం ముందుభాగం మీదో నడిభాగం మీదో దిగుతారని, అందువల్ల మడమ గుద్దుడు తప్పుతుందని. జనం వేలంవెర్రిగా అయిదు వేళ్ల బూట్లు కొన్నారు. 2013లో ఇంకో బృందం ఉత్తర కెన్యాలో ఎప్పుడూ చెప్పులెరుగని దాసనచ్ జనాన్ని గమనించింది. తమకు సుఖమైన వేగంలో 72 శాతం మంది మడమ మీదే దిగారు. అంటే మడమా, మునివేళ్లా అన్నది వేగాన్ని బట్టీ, నేలను బట్టీ మారుతుంది. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో, బాగా తర్ఫీదు పొందిన 22 మంది పలచని బూట్లలో పరుగెత్తినప్పుడు వాళ్ల మోకాలు, చీలమండ పనిచేసిన తీరు ఉత్తకాళ్ల పరుగుతో కలవలేదు, మామూలు బూట్ల పరుగుకే దగ్గరగా ఉంది. ఇంకొక చోట పది వారాల్లో క్రమంగా అయిదు వేళ్ల బూట్లకు మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు కనిపించింది. 2014లో ఆ అయిదు వేళ్ల బూట్లు చేసే వైబ్రమ్ కంపెనీ, తమ బూట్లు గాయాలు తగ్గిస్తాయని రుజువు లేకుండా ప్రచారం చేసిందన్న దావాను 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఎందుకిలా? బోయీ అరికాలు తెలిస్తే కారణం తేలిగ్గా బోధపడుతుంది. ఉత్తకాలితో అంగ చాపి మడమ గుద్దితే ఆ అడుగులోనే నొప్పి తెలుస్తుంది. పాదం నేలమీద జారి రాసుకుంటే తోలు మండుతుంది. పది అడుగుల్లో ఒళ్లు తనంతట తానే సర్దుకుంటుంది. పలచని బూటు వేసుకున్నాక ఆ మంట ఉండదు, రాపిడి తెలియదు. పాత అలవాటు అంగ అలాగే సాగుతుంది. గుద్దుడును ఆపే మెత్తా లేదు, వద్దని చెప్పే నొప్పీ లేదు. అందుకే పలచని బూటు రెండు విధాలా చేటు చేయగలదు. కాలి తోలు గట్టిపడితే స్పర్శ పోతుందనుకునేవాళ్లకు 2019లో ‘నేచర్’లోనే వచ్చిన పరిశోధన జవాబు చెప్పింది. ఉత్తకాళ్లతో తిరిగేవాళ్ల అరికాలు ఎంత మందంగా ఉన్నా స్పర్శ తగ్గలేదు. తోలు కాపాడుతూనే నేల మాటను లోపలికి పంపుతుంది. బూటు అట్ట కాపాడుతుంది గానీ మాటను మధ్యలో ఆపేస్తుంది.

ఈ తేడా వనపర్తి పాలిటెక్నిక్ మైదానంలో తెల్లవారుజామున చెవికి తెలుస్తుంది. మట్టి మీద ఉత్తకాళ్ల పరుగు దగ్గరికొస్తే గానీ వినపడదు. పలచని బూట్లవాళ్లు ‘టప్ టప్’మంటూ దూరం నుంచే వినిపిస్తారు. ఆ చప్పుడే మడమ గుద్దుడు. అలాంటివాళ్లు బూట్లు విప్పి నున్నటి గట్టినేల మీద రెండు మూడు వందల మీటర్లు పరుగెత్తి, ఒంటికి ఆ అడుగు గుర్తుండగానే బూట్లు వేసుకుని అంతే మెత్తగా, చప్పుడు లేకుండా పరుగెత్తడం మంచిది. పిక్కలూ మడమ నరమూ మొదటి వారాల్లో పట్టేస్తాయి. దూరం పెంచడానికి వారాలు కాదు, నెలలు పెట్టుకోవాలి. షుగరుతో అరికాళ్ల తిమ్మిరి ఉన్నవాళ్లు ఉత్తకాళ్ల పరుగు జోలికి అసలు పోకూడదు.

ఇక్కడ ఇదంతా సరదా వ్యవహారం కాదు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో అన్నారు. దానికోసం ఊళ్లలో పిల్లలు ఉత్తకాళ్లతో రోడ్డు పక్కనే పరుగెత్తుతారు, ఉన్న ఒక్క జత బూట్లు అరిగిపోతాయని. పరీక్ష దగ్గర పడ్డాక కొత్త బూట్లు కొని నేరుగా అందులో దిగుతారు, ఒళ్లు వాటికి అలవాటు పడకుండానే. చేయాల్సింది దీనికి తలకిందులు. బూట్లు మూడు నెలల ముందే కొనాలి, ఉత్తకాళ్ల పరుగు వారంలో రెండు పూటలైనా కొనసాగించాలి. అందుకు సర్కారుతుమ్మ కొమ్మలూ సీసా పెంకులూ లేని నాలుగు వందల మీటర్ల మట్టి దారి కావాలి. గద్వాలలో ఒకటి, వనపర్తిలో ఒకటి, నాగర్‌కర్నూల్‌లో ఒకటి, పొద్దున్నే ఊడ్చి పెడితే చాలు.