వానగాలిలో కొండ నెక్కినవాడు



కొండ నెక్కుట మనవారికి క్రొత్త గాదు. తిరుమలకు కాలినడకను పోయినవారు మీలో పలువురుందురు. వాన పట్టినచో మండపమున నిలిచి, తెఱపి యైనపిదప కదలుట మన పద్ధతి. తెఱపికై చూడక, వానను గాలిని కొలుచుటకే ప్రతిదినమును కొండ నెక్కిన యొకని చరిత్రమును నేడు విన్నవించెదను.

స్కాట్లండు దేశమున బెన్ నెవిస్ అను పర్వతము గలదు. దాని యెత్తు సుమారు 4,400 అడుగులు. బ్రిటిషు ద్వీపములలో అంతకు మించిన కొండ లేదు. అట్లాంటిక్ సముద్రమునుండి వచ్చు మేఘములు దానిని తాకుటచే, శిఖరమున ఏటికి సుమారు 160 అంగుళముల వానయు మంచును పడును. ఇది మన కోస్తా జిల్లాల వర్షపాతమునకు ఇంచుమించు నాలుగు రెట్లు.

కొండమీదను క్రిందను ఒకే వేళ గాలి యొత్తిడిని, వేడిమిని కొలిచి పోల్చినచో తుపానుల రాకడ మేలుగా తెలియునని ఆనాటి పండితులు తలచిరి. ఆ పనికి క్లెమెంట్ రాగ్ అనునతడు పూనుకొనెను. 1881 జూన్ 1వ తేదీ మొదలు అక్టోబరు నడుమవరకును, తెల్లవారుజామున బయలుదేరి కొండ నెక్కి, కొలతలు వ్రాసికొని దిగివచ్చుచుండెను. అప్పటికి సరియైన బాట లేదు. అట్టి చోట వానకంటెను గాలి, గాలికంటెను ఆ రెంటి కూడిక ప్రమాదకరము. తడిసిన బట్టపై గాలి వీచినకొలదిని దేహపు వేడిమి హరించిపోవును. మొదట వణకు, పిమ్మట బుద్ధిమాంద్యము, తుదకు ప్రాణాపాయము.

అతని భార్య కొండక్రింద ఫోర్ట్ విలియమ్ ఊరిలో అదే వేళకు కొలతలు తీయుచుండెను. ఆమె లెక్క లేనిచో అతని లెక్కకు విలువ లేదు.

మఱుసటి యేట అతనికి బంగారు పతకము లభించెను. 1883లో ప్రజల చందాలతో శిఖరమున వేధశాల వెలసెను, బాటయు పడెను. దాని యధ్యక్షపదవిని రాగ్ కోరెను. అది మఱియొకరికి దక్కెను. అతడు ఆస్ట్రేలియాకు పోయి, తుపానులకు పేర్లు పెట్టు ఆచారమును మొదలిడెను. 2014లో విశాఖపట్టణమును అల్లకల్లోలము చేసిన తుపానును మనము హుద్‌హుద్ అని పిలిచితిమి గదా!

వేధశాలలోనివారు రేయింబవళ్ళు గంటగంటకు కొలతలు వ్రాసిరి. పెనుగాలి వీచునపుడు నడుములకు త్రాళ్ళు కట్టుకొని వెలికి పోయెడివారు. 1894లో అచ్చట కొన్నివారములున్న విల్సన్ అను యువకుడు, మేఘములపై పడిన నీడచుట్టు రంగుల వలయములను జూచి, అట్టి మేఘమును ప్రయోగశాలలో సృష్టింప యత్నించెను. దానినుండియే పరమాణు కణముల జాడ చూపు యంత్రము పుట్టెను. 1927లో అతనికి నోబెల్ బహుమాన మబ్బెను.

ధనము చాలక 1904లో వేధశాల మూతపడెను. గోడలు శిథిలములయ్యెను, కాని లెక్కలు మిగిలెను. 2017లో వేలకొలది స్వచ్ఛంద సేవకులు ఆ పాత పుటలలోని అంకెలను గణనయంత్రములకెక్కించిరి. ఆనాటి తుపానుల నడకను నేటి శాస్త్రజ్ఞులు వానివలన గ్రహించుచున్నారు.

పదవి దక్కనివాని పాదముద్రలను ఆ వానయే చెరిపివేసెను. అతడు వ్రాసిన అంకెలు మాత్రము చెరగలేదు. మన యూళ్ళలో వానకొలత వ్రాయు చిన్న యుద్యోగి కనబడినపుడు ఈ సంగతి తలచుకొనుడు.