మింగిన వస్తువుల లెక్క

గొంతులోనో ఊపిరిగొట్టంలోనో ఇరుక్కున్న వస్తువును కత్తి పెట్టకుండా బయటికి తీసే విద్యను సాధారణంగా గొట్టాల చరిత్రగా చెబుతారు. 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో అడాల్ఫ్ కుస్‌మౌల్ అనే వైద్యుడు కత్తులు మింగే గారడీవాడి నోట్లోంచి నిటారు లోహపు గొట్టాన్ని కడుపు దాకా దించాడు. వెలుతురు చాలక లోపల సరిగ్గా కనబడలేదు. 1897లో అదే ఊళ్లో గుస్టాఫ్ కిలియన్ ఒక రైతు ఊపిరిగొట్టంలో చిక్కుకున్న పంది ఎముకను గొట్టంలోంచి చూస్తూ పైకి లాగాడు. ఇదంతా నిజమే. అయితే పిల్లల ప్రాణాలు నిలబెట్టడంలో గొట్టానికి ఎంత వాటా ఉందో, ఎవరు ఏం మింగారు, దానివల్ల లోపల ఏం జరిగింది అని ఓపిగ్గా రాసిపెట్టిన లెక్కకూ అంత వాటా ఉంది.

ఆ లెక్కకు పెద్దదిక్కు అమెరికా వైద్యుడు షెవాలియర్ జాక్సన్ (1865–1958). తాను తీసిన వస్తువులను ఈయన పారేయలేదు. వివరాలతో సహా దాచి, 1924లో ఫిలడెల్ఫియా వైద్యుల కళాశాలకు అప్పగించాడు. అక్కడి ముట్టర్ మ్యూజియం సొరుగుల్లో 2,374 వస్తువులున్నాయి. నాణేలు, గుండీలు, ఎముకలు, బొమ్మ బైనాక్యులర్లు, వాటి మధ్య వరసలు వరసలుగా పిన్నీసులు. నోరు తెరుచుకున్న పిన్నీసు మొన పైకి ఉండి అన్నవాహికలో దిగిందంటే, లాగిన కొద్దీ గోడను చీలుస్తుంది. జాక్సన్ దాన్ని లాగకుండా కడుపులోకి నెట్టి, అక్కడున్న చోటులో తిప్పి, స్ప్రింగు వైపు ముందుగా వచ్చేలా పైకి తెచ్చేవాడు. చిక్కు కేసైతే అలాంటి వస్తువునే మరొకటి తెచ్చి రబ్బరు గొట్టంలో పెట్టి ముందుగా సాధన చేయమనేవాడు. దాచడం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. ఒక బిడ్డ గొంతులోంచి వచ్చిన పిన్నీసు మరో బిడ్డ వైద్యుడికి పాఠమైంది.

ఆ లెక్కే జాక్సన్‌ను ఆపరేషన్ గది దాటించింది. ఆ రోజుల్లో అమెరికా ఇళ్లలో కడగడానికీ తోమడానికీ వాడే కాస్టిక్ సోడా ఏ హెచ్చరికా లేని డబ్బాల్లో అమ్ముడుపోయేది. అది మింగిన పిల్లల అన్నవాహిక కాలి, మచ్చకట్టి, మూసుకుపోయేది. వారం రోజులుగా చుక్క నీళ్లు దిగని ఒక పాప గురించి ఆయన ఆత్మకథలో ఉంది. అడ్డుపడ్డ ముద్దను తీశాక గ్లాసు అందిస్తే, మళ్లీ పొరబోతుందేమోనన్న భయంతో ఒక గుక్క తాగింది. దిగింది. ఇంకో గుక్క తాగి, గ్లాసు పక్కకు జరిపి, ఆయన చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకుంది. ఇలాంటి పిల్లలకు వైద్యం చేస్తూ కూర్చుంటే చాలదని జాక్సన్ ఏళ్ల తరబడి పోరాడాడు. 1927లో అమెరికా సమాఖ్య చట్టం వచ్చి, అలాంటి డబ్బాల మీద ‘విషం’ అన్న ముద్ర తప్పనిసరి అయింది.

తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉంటే ఈ చట్టాలెందుకని అడగవచ్చు. జాగ్రత్త కావాల్సిందే, జాక్సన్ కూడా జీవితమంతా అదే చెప్పాడు. కానీ డబ్బాలో ఏముందో చెప్పకుండా అమ్మినప్పుడు తల్లి దేన్నుంచి కాపాడాలి? ఇంకో అభ్యంతరం మన ఇళ్లలోనూ వినిపిస్తుంది: ‘ఏం కాదు, అరటిపండు పెట్టండి, రేపు పొద్దున దొడ్డికి పోతే వచ్చేస్తుంది’. ఇందులో నిజం లేకపోలేదు. జీర్ణకోశంలోకి వెళ్లిన వస్తువుల్లో నూటికి 80 నుంచి 90 దాకా వాటంతట అవే బయటపడతాయి. కడుపులోకి దిగిన నాణెం అలా పోవచ్చు. అయితే ఆ సగటు అంకె బటన్ బ్యాటరీకి వర్తించదు.

రిమోట్లలో, బొమ్మల్లో ఉండే 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ ఇంచుమించు రూపాయి బిళ్లంత ఉంటుంది. చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కుంటుంది. తడి కండకు తగలగానే కరెంటు పారి, రుణధ్రువం దగ్గర నీరు విడిపోయి ఘాటైన క్షారం పుడుతుంది. జాక్సన్ డబ్బాల మీద ముద్ర వేయించిన కాస్టిక్ గుణమే ఇప్పుడు గొంతులోనే తయారవుతోందన్నమాట. రెండు గంటల్లోనే తీవ్రంగా కాలవచ్చు. ఇదీ లెక్క వల్లే తేలింది. వాషింగ్టన్‌లోని విష సమాచార కేంద్రం 1982 నుంచి బ్యాటరీ కేసులను నమోదు చేస్తోంది. 1985 నుంచి 2009 మధ్య, బ్యాటరీ మింగిన కేసుల్లో ప్రాణాపాయం దాకా వెళ్లిన వాటి నిష్పత్తి 6.7 రెట్లు పెరిగిందనీ, అందుకు ముఖ్య కారణం ఈ పెద్ద లిథియం సెల్లేననీ ఆ రికార్డులు చూపాయి. 2022లో అమెరికా మళ్లీ చట్టం చేసింది. సెల్ ఉండే గది పిల్లల చేతికి తెరుచుకోకూడదు, ప్యాకెట్టు మీద హెచ్చరిక ఉండాలి.

బిడ్డ బ్యాటరీ మింగిందని అనుమానం వస్తే చాలు, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫిల్ములో సెల్ అంచున జంట వలయం కనిపిస్తుంది, నాణేనికి అది ఉండదు. వాంతి చేయించకూడదు. అరటిపండు, అన్నం ముద్ద పెట్టకూడదు, ఎందుకంటే తీసేటప్పుడు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. తేనె మాత్రం వేరు. 2018లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వైద్యులు, ఇతరులు పందిపిల్లల మీద చేసిన పరిశోధనలో తేనె క్షారం ఘాటును తగ్గించింది. మింగి పన్నెండు గంటలు దాటకపోతే, ఏడాది నిండిన, మింగగలిగే బిడ్డకు పది నిమిషాలకోసారి రెండు చెంచాల చొప్పున ఆరు సార్ల దాకా ఇవ్వవచ్చని వాషింగ్టన్ విష సమాచార కేంద్రం చెబుతోంది. అదీ దారిలోనే, ప్రయాణం ఆగకుండా. అన్నట్టు, రిమోట్ పనిచేయడం లేదని తీసి కిటికీలో పెట్టిన పాత సెల్‌లో కూడా గొంతు కాల్చేంత కరెంటు మిగిలే ఉంటుంది.