చరిత్ర బోధనలో ఆధారపత్ర గోష్ఠులు: ప్రతాపరుద్రుని మరణ వృత్తాంతం – ఒక పరిశీలన

కాకతీయ ప్రతాపరుద్రుడు 1323లో ఓరుగల్లు పతనానంతరం బందీగా ఢిల్లీకి వెళుతూ దారిలో నర్మదానదిలో దూకి ప్రాణత్యాగం చేశాడన్నది తెలుగునాట చరిత్ర చదివినవారికి సుపరిచితమైన మాట. తరగతిలో ఈ మాట చెప్పడానికి అరనిమిషం చాలు. ఇది ఎక్కడి నుండి వచ్చిందో తేల్చుకోవడానికి ఉపాధ్యాయులు మూలపత్రాలను ముందు పెట్టుకొని కూర్చుంటే ఒక పూట చాలదు. చరిత్ర బోధకులకు ఆధారపత్ర గోష్ఠులు ఎందుకు అవసరమో, వాటిలో తెలుగు సాహిత్యం చదివిన ఉపాధ్యాయునికి గల స్థానం ఏమిటో ఈ ఉదంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

'సదస్సు' అనగానే జ్యోతి ప్రజ్వలన, ప్రారంభోపన్యాసం, పది నిమిషాల పత్రసమర్పణ, ప్రశంసాపత్రం స్ఫురించే స్థితికి విద్యాలోకం చేరుకుంది. ఇక్కడ ప్రస్తావిస్తున్నది అది కాదు. పదిహేను, ఇరవైమంది ఉపాధ్యాయులు. అందరూ ముందే చదివి వచ్చిన నాలుగైదు మూలపత్రాలు. ఉపన్యసించకుండా ప్రశ్నలు వేసే ఒక సంచాలకుడు. ఎవరు ఏ అభిప్రాయం చెప్పినా అది పత్రంలోని ఏ పంక్తి నుండి వచ్చిందో చూపాలన్నదే నియమం. ప్రాచీన సాహిత్యంలో కనిపించే 'గోష్ఠి' అనే మాటే దీనికి ఎక్కువ దగ్గర.

పద్ధతి – పూర్వరంగం

19వ శతాబ్ది పూర్వార్ధంలో బెర్లిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లియోపోల్డ్ ఫాన్ రాంకే కొద్దిమంది విద్యార్థులను కూర్చోబెట్టుకొని మధ్యయుగ పత్రాలను విమర్శదృష్టితో చదివించడంతో ఈ పద్ధతి ప్రసిద్ధికెక్కింది. అది కాబోయే పరిశోధకుల కోసం ఏర్పడిన పద్ధతి. దానిని బడి దాకా తెచ్చినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు అమెరికాకు చెందిన మేరీ షెల్డన్ బార్న్స్. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివి, న్యూయార్క్ రాష్ట్రంలోని ఓస్వీగో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో బోధించిన ఆమె 1885లో ఒక చరిత్ర పాఠ్యగ్రంథం ప్రకటించారు. అందులో కథనం తక్కువ. మూలపత్రాల భాగాలు, వాటి కింద ప్రశ్నలు ఎక్కువ. మరుసటి ఏడే ఉపాధ్యాయులకు విడిగా ఒక కరదీపిక వెలువడింది. జవాబులు లేని పుస్తకం విద్యార్థి కంటె ముందు ఉపాధ్యాయునికే పరీక్ష పెడుతుందనడానికి ఆ కరదీపికే సాక్ష్యం.

1899లో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ నియమించిన ఏడుగురు సభ్యుల సంఘం, మూలపత్రాలు పాఠ్యగ్రంథానికి తోడుగా ఉండాలే గాని దాని స్థానాన్ని ఆక్రమించరాదని నివేదించింది. ఈ నిర్ణయాన్ని సంప్రదాయవాదమని తోసిపుచ్చడం సులభం. కాని పత్రాలతో ఎన్నడూ స్వయంగా పెనుగులాడని ఉపాధ్యాయుని చేతిలో పత్రం కూడా మరో పాఠంగానే మిగిలిపోతుందన్న వాస్తవం అందులో ఉంది. శతాబ్దం గడిచాక, 2001లో, సెనెటర్ రాబర్ట్ బర్డ్ చొరవతో అమెరికన్ కాంగ్రెస్ చరిత్ర ఉపాధ్యాయుల కోసమే ప్రత్యేక నిధులు కేటాయించింది. పాఠశాలా మండలాలు విశ్వవిద్యాలయాలతో, మ్యూజియాలతో, గ్రంథాలయాలతో కలిసి ఉపాధ్యాయులకు శిక్షణ నిర్వహించేందుకు దాదాపు దశాబ్దకాలంలో సుమారు 100 కోట్ల డాలర్లు వెచ్చించారు. అంత ధనం ఎంతో మంది ఉపాధ్యాయులను ఆచార్యుల ముందు కూర్చోబెట్టగలిగింది. పత్రం ముందు కూర్చోబెట్టడం వేరే సంగతి.

ఈ భేదాన్ని స్పష్టం చేసినది శామ్ వైన్‌బర్గ్ 1991లో ప్రకటించిన అధ్యయనం. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో తొలి తుపాకి ఎవరు పేల్చారన్న విషయంపై పరస్పర విరుద్ధమైన పత్రాలను ఎనిమిదిమంది చరిత్రకారులకు, ఎనిమిదిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఇచ్చి, చదువుతూ తోచినదల్లా పైకి చెప్పమన్నారు. ఆ చరిత్రకారులలో అమెరికా చరిత్రలో ప్రత్యేక పరిశ్రమ లేనివారూ ఉన్నారు. అయినా వారు పత్రం చదవడానికి ముందే అది ఎవరిది, ఎప్పటిది అని చూశారు. ఒక పత్రాన్ని మరొకదాని పక్కన పెట్టి పోల్చారు. విద్యార్థులు మొదటి పంక్తి నుండి చివరి పంక్తికి నడిచారు. పాఠ్యపుస్తకం కూడా వారి దృష్టిలో ఒకరు రాసినది కాదు, సమాచారం మాత్రమే. ఇద్దరి మధ్య తేడా జ్ఞాపకంలో లేదు, చదివే అలవాటులో ఉంది. ఆ అలవాటు ఉపన్యాసం వింటే పట్టుబడేది కాదు.

నర్మదాతీరం – నాలుగు పత్రాలు

ప్రతాపరుద్రుని మరణాన్ని గురించి ఒక గోష్ఠి ముందు ఉంచదగిన పత్రాలు ప్రధానంగా నాలుగు. మొదటిది ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం. నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ పరిష్కరించి ప్రకటించిన ఈ సంస్కృత శాసనం 1330 ప్రాంతానిదని పరిశోధకుల నిర్ణయం. ప్రతాపరుద్రుడు ఢిల్లీకి కొనిపోబడుతూ సోమోద్భవ, అంటే నర్మద, తీరాన మరణించాడని ఇందులో ఉంది. ఎలా మరణించాడో చెప్పలేదు. రెండవది రెడ్డిరాణి అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనం. ప్రతాపరుద్రుడు తన ఇచ్ఛతోనే దేవలోకానికి వెళ్ళాడని అది అంటుంది. ఎక్కడన్నది చెప్పలేదు.

ఈ రెండు పత్రాలను పక్కపక్కన పెట్టినప్పుడు పాఠ్యవాక్యం ఎలా పుట్టిందో కంటికి కనిపిస్తుంది. స్థలం మొదటి శాసనం నుండి, సంకల్పం రెండవ శాసనం నుండి వచ్చాయి. రెండింటి నడుమ సుమారు వంద సంవత్సరాల ఎడం ఉంది. నదిలో దూకడమన్న దృశ్యం ఆ రెండింటి అతుకు దగ్గర పుట్టిన ఊహ. చరిత్రకారుడు ఇటువంటి అతుకు వేయకూడదని కాదు. అతుకు వేయకుండా చరిత్ర రాయడం సాధ్యం కాదు. అయితే అది అతుకని ఉపాధ్యాయునికి తెలిసి ఉండాలి.

తరువాతి ప్రశ్న సాహిత్య విద్యార్థి అడగవలసినది. తన ఇచ్ఛతో దేవలోకానికి వెళ్ళడం అంటే ఆత్మహత్యేనా? భీష్ముని స్వచ్ఛంద మరణం తెలిసిన పాఠకునికి ఇది గొప్పవారి మరణాన్ని చెప్పే మర్యాదగా కూడా వినిపిస్తుంది. మరణాన్ని మరణమని చెప్పడానికి తెలుగువారు నేటికీ సంకోచిస్తారు. పరమపదించారు, శివైక్యం చెందారు, కీర్తిశేషులయ్యారు అంటారు. శత్రువు చేతిలో ఆ రాజు చనిపోలేదని, ఆయన పోకడ ఆయన వశంలోనే ఉన్నదని చెప్పడం, తమను ఆ రాజ్యవైభవానికి వారసులుగా చూసుకొన్న వంశానికి అవసరం. ప్రతాపరుద్రుని తరువాత ప్రోలయ, ఆపై డెబ్బైఅయిదుగురు నాయకులు కొలిచిన కాపయ అని అదే శాసనం వరుస కడుతుంది. అది వారసత్వపు వరుస. ఆత్మహత్య అన్న అర్థాన్ని ఈ పరిశీలన పూర్తిగా కొట్టివేయదు; అది అనేక అర్థాలలో ఒకటి మాత్రమేనని చూపుతుంది.

విలస శాసనాన్ని చదవడంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ప్రతాపరుద్రుడనే సూర్యుడు అస్తమించగా తురుష్కాంధకారం లోకాన్ని కమ్మిందన్న వర్ణన, ఆ వెంట ప్రజల కష్టాల చిత్రణ అందులో ఉన్నాయి. కావ్యంలో చీకటి వర్ణన తరువాతే చంద్రోదయం వస్తుంది. ఇక్కడ ఆ స్థానంలో ప్రోలయ వస్తాడు. రూపం కావ్యసంప్రదాయానిది అయినంత మాత్రాన అందులోని బాధ కల్పితం కాదు. ఇంత బాధ ఉన్నది కనుక ప్రతి అక్షరం సాక్ష్యమనీ అనలేము. అతిశయోక్తి అని తోసివేసేవారూ, ఈ పంక్తులను వర్తమాన కలహాలకు ఎత్తిపట్టేవారూ ఇద్దరూ పత్రాన్ని చివరిదాకా చదవనివారే. ఆ చివర ఒక బ్రాహ్మణునికి ఇచ్చిన అగ్రహారదానం ఉంది. పత్రం పుట్టింది దానికోసమే.

మూడవ పత్రం శంసె సిరాజ్ అఫీఫ్ పారశీకంలో రచించిన ఫిరోజ్‌షా తుగ్లక్ చరిత్ర. అఫీఫ్ దృష్టి ప్రతాపరుద్రునిపై లేదు. ఆయన ఫిరోజ్‌షా వజీరు ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ వృత్తాంతం చెబుతున్నాడు. ఈ మక్బూల్ పూర్వాశ్రమంలో కన్ను అనే పేరుగల తెలంగాణ హిందువు, అక్కడి రాయికి ప్రీతిపాత్రుడు. సుల్తాన్ ముహమ్మద్ ఆ రాయిని ఢిల్లీకి పంపగా అతడు దారిలో మరణించాడని అఫీఫ్ ఒక్క ముక్కలో దాటిపోతాడు. 1323 నాటికి ముహమ్మద్ ఇంకా ఉలుగ్‌ఖానే, సుల్తాను కాలేదు. రచయిత తరువాతి బిరుదుతో వెనుకటి సంగతి చెబుతున్నాడు. ఈ పొరపాటు ఉన్నప్పటికీ, ఏ వంశ గౌరవాన్నీ నిలబెట్టవలసిన పని లేకుండా దారిలో మరణాన్ని ధ్రువపరుస్తున్నది ఈ పత్రమే. ఒకే పతనం నుండి ఒక తెలుగు నాయకుడు తిరుగుబాటుకూ, మరొకడు ఢిల్లీ వజీరు పదవికీ నడిచారని కూడా ఇది చూపుతుంది. అంధకార వర్ణన ఒక్కటే చదివిన తరగతికి ఈ సంగతి అందదు.

నాలుగవది 16వ శతాబ్ది నాటిదిగా భావించే ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రము. ఈ తెలుగు వచన రచనలో ప్రతాపరుద్రుడు దారిలో మరణించనే మరణించడు. ఢిల్లీ చేరుతాడు, సుల్తాను తల్లి ఆయనలో శివుని దర్శిస్తుంది, విడుదలై కాశీ మీదుగా ఓరుగల్లుకు తిరిగి వస్తాడు. చరిత్ర అధ్యాపకుడు దీనిని పక్కన పెట్టడానికి తొందరపడవచ్చు. 1323లో జరిగినదానికి ఇది సాక్ష్యం కాదు, నిజమే. రెండు శతాబ్దాల తరువాత తెలుగువారు తమ చివరి కాకతీయ రాజును ఎలా ఉంచుకోదలచారన్నదానికి మాత్రం ఇంతకంటె మంచి సాక్ష్యం అరుదు. రాజు శివుడైతే సుల్తాను ఆయన భృత్యుడు కాడు, శత్రువూ కాడు. సింథియా టాల్బట్ కాకతీయ స్మృతిపై చేసిన పరిశోధనలో ఈ రచనకు దక్కిన ప్రాధాన్యం ఇందుకే.

చందుపట్ల – ఒక అనుబంధం

నాలుగు పత్రాలు సంస్కృతం, పారశీకం, తెలుగులలో విస్తరించి ఉండటం తొలి గోష్ఠికి భారం అనిపిస్తే, ఒక్క తెలుగు శాసనంతో మొదలుపెట్టవచ్చు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యంగా పువ్వుల ముమ్మడి ఇచ్చిన దానాన్ని తెలుపుతుంది. దాని తేదీ 1289 నవంబరు 27కు సరిపోతుంది. అంతవరకు రుద్రమ పాలన 1295 ప్రాంతం వరకు సాగిందని రాసిన పుస్తకాలు మారవలసి వచ్చింది. రాణి, సేనాని ఇద్దరికీ కలిపి పుణ్యం కోరడం వల్ల వారు అంబదేవునితో యుద్ధంలో మరణించి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. 1290 నాటి అంబదేవుని త్రిపురాంతక శాసనంలోని విజయప్రశస్తి ఆ ఊహకు బలమిచ్చింది. చందుపట్ల రాతిపై మాత్రం యుద్ధం ప్రస్తావన లేదు, అంబదేవుని పేరు లేదు. తేదీ రాతిది, యుద్ధం చరిత్రకారునిది. ఈ రెండింటినీ విడదీసి చెప్పగలగడం గోష్ఠిలో కూర్చున్న ఉపాధ్యాయునికి ఒక గంటలో అలవడవచ్చు.

గోష్ఠిలో తెలుగు ఉపాధ్యాయుడు

తెలుగునాట చరిత్ర పరిశోధన, సాహిత్య పరిశోధన ఒకే ఇంట పుట్టాయి. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ప్రముఖుడైన కొమర్రాజు లక్ష్మణరావు ఏ శాఖకు చెందినవాడో చెప్పడం కష్టం. సోమశేఖరశర్మ విషయమూ అంతే. ఆయన పేరున వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ప్రకటించిన తెలంగాణా శాసనములు భాషాచరిత్రకూ రాజకీయ చరిత్రకూ సమానంగా ఉపయోగపడుతున్నాయి. తరువాతి కాలంలో విశ్వవిద్యాలయాలు శాఖలుగా, పాఠశాలలు పీరియడ్లుగా విడదీసిన ఈ రెండు చదువులు నేడు ఒకే ఉపాధ్యాయుల గదిలో ఎదురెదురు కుర్చీలలో కూర్చుంటున్నాయి. ప్రశస్తి లక్షణం తెలియని సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు శాసనాన్ని వార్తగా చదువుతాడు. కాలక్రమం పట్టని తెలుగు ఉపాధ్యాయుడు దానిని వర్ణనగా చదువుతాడు. ఇద్దరికీ ఒకే పత్రం ఇచ్చి ఒకే బల్ల ముందు కూర్చోబెట్టినప్పుడే ఈ గోష్ఠికి అర్థం.

ఆచరణలో ఎదురయ్యే చిక్కు అనువాదం. అఫీఫ్‌ను పారశీకంలో చదవగల ఉపాధ్యాయులు అరుదు. చేతికి అందేది ఇలియట్, డౌసన్ 19వ శతాబ్దిలో ప్రకటించిన ఆంగ్లానువాద భాగాలు. ముస్లిం పాలకుల కాలాన్ని చూపి బ్రిటిష్ పాలన మేలును భారతీయులకు తెలియజెప్పాలన్న ఉద్దేశాన్ని ఇలియట్ తన పీఠికలో దాచుకోలేదు. కాబట్టి మక్బూల్ వృత్తాంతంతో పాటు ఆ పీఠిక నుండి ఒక పుటను కూడా గోష్ఠి పత్రాలలో చేర్చాలి. అప్పుడు పత్రాల సంఖ్య ఐదు అవుతుంది. అఫీఫ్‌ను చర్చించే ముందు ఇలియట్‌ను చర్చించవలసి వస్తుంది.