భిలాయ్: రైలు పట్టాల పుట్టినిల్లు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దుర్గ్ జిల్లాలోని భిలాయ్ ఒకప్పుడు చిన్న గ్రామం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు.

భారతీయ రైల్వేకు పట్టాలు ప్రధానంగా ఇక్కడి నుంచే అందుతాయి. వాటిలో 260 మీటర్ల పొడవైనవీ ఉన్నాయి.

ఉపాధికై వచ్చిన తెలుగువారితో సహా అనేక రాష్ట్రాల కుటుంబాలు సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్‌లో కలసి జీవిస్తున్నాయి. షిఫ్టుల వేళలే వారి దినచర్యను నిర్ణయిస్తాయి. మైత్రీబాగ్ జంతు ప్రదర్శనశాల నాటి ఇండో-సోవియట్ స్నేహానికి గుర్తు.

దశాబ్దాలుగా ఇనుప ఖనిజాన్ని అందించిన దల్లీ-రాజ్‌హరా గనుల్లో నిల్వలు తరిగిపోతున్నాయి. ఇకపై కర్మాగారం మనుగడ, దానితోపాటు పట్టణ భవిష్యత్తు, రావ్‌ఘాట్ గనులపైనే ఆధారపడి ఉన్నాయి.